కంత లెక్క, కాంతి లెక్క

ఫొటోలు తీసే అలవాటున్నవాళ్లను నిద్రలో లేపి అడిగినా ఒక అంకెల వరస తడుముకోకుండా చెప్పేస్తారు. 1.4, 2, 2.8, 4, 5.6, 8, 11, 16, 22. ఒక అంకె అటు జరిగితే వెలుగు సగమవుతుంది, ఇటు జరిగితే రెట్టింపవుతుంది. ఈ ఒక్కో అడుగునూ స్టాప్ అంటారు. కెమెరా పట్టిన మొదటి వారంలోనే ఈ సంగతి చెవిన పడుతుంది. ఆ తర్వాత దాని జోలికి ఎవరూ పోరు. నా లెన్సు మీద 2.8 అని ఉంది, మీ లెన్సు మీదా 2.8 అనే ఉంది, కాబట్టి రెండూ ఒకే మోతాదు వెలుగును లోపలికి పంపిస్తాయని నమ్మేస్తాం.

ఇది దాదాపు నిజం. ఆ ‘దాదాపు’ దగ్గర నా మనసు చాలా ఏళ్ల కిందటే ఆగిపోయింది. ఎందుకంటే లెన్సు మీద చెక్కిన ఆ అంకె వెలుగును కొలిచి రాసింది కాదు. కంతను కొలిచి రాసింది. కంత ఎంత పెద్దదో తెలిస్తే లోపలికి ఎంత వెలుగు వచ్చిందో తెలిసినట్టేనని మనకు మనం అనుకున్నాం. ఈ రెండింటి మధ్యా గాజు ఉంది. ఒక్క గాజు కాదు, పది పదిహేను గాజులు.

ముందు కంత సంగతి. ఎఫ్ నంబరు ఒక మామూలు భాగహారం. లెన్సు ఫోకల్ లెంగ్త్‌ను కంత వ్యాసంతో భాగిస్తే వచ్చేదే అది. 50 మిల్లీమీటర్ల లెన్సుకు 25 మిల్లీమీటర్ల కంత ఉంటే 2. 100 మిల్లీమీటర్ల లెన్సుకు 50 మిల్లీమీటర్ల కంత ఉంటే అదీ 2. ఫోకల్ లెంగ్త్ పెరిగితే బొమ్మ పెద్దదవుతుంది, వచ్చిన వెలుగు అంత మేరా పరుచుకుని పలచబడుతుంది. దాన్ని సరిచేయడానికి కంత కూడా పెద్దది కావాలి. ఆ హెచ్చుతగ్గుల్ని ఒకే అంకెలో ఇముడ్చుకోవడమే ఈ భాగహారం గొప్పతనం. కంత వైశాల్యం వ్యాసపు వర్గాన్ని బట్టి మారుతుంది గనుక వెలుగు సగం కావాలంటే వ్యాసాన్ని సగం చేయనక్కర్లేదు, 1.414తో భాగిస్తే సరిపోతుంది. పైన చెప్పిన వరసంతా అలా పుట్టిందే. 5.6 అసలు విలువ 5.657, 11 అసలు విలువ 11.31. చెక్కడానికి వీలుగా కుదించారు.

ఆ కంత కూడా మనమనుకునే చోట ఉండదు. లెన్సును ముందువైపు నుంచి చూస్తే లోపల గుండ్రంగా ఒక రంధ్రం కనిపిస్తుంది. అది లోపలున్న ఐరిస్ రేకుల రంధ్రమే అనుకుంటాం. నిజానికి మన కంటికి కనిపించేది, ముందున్న గాజుల గుండా పెద్దదై కనబడే ఆ రంధ్రం ప్రతిబింబం. లెక్కలోకి తీసుకునే వ్యాసం ఈ ప్రతిబింబానిది. లెన్సును విప్పి ఐరిస్‌ను స్కేలుతో కొలిచినా ఆ అంకె రాదు. చాలా లెన్సుల్లో అసలు రంధ్రం అంతకంటే చిన్నగా ఉంటుంది.

19వ శతాబ్దంలో ఈ రేకులు కూడా అందరికీ లేవు. 1858లో ఇంగ్లండులో జాన్ వాటర్‌హౌస్ అనే ఆయన లెన్సు గొట్టానికి ఒక గాడి కోసి, రకరకాల రంధ్రాలున్న ఇత్తడి పలకలను అందులోకి దింపే పద్ధతి చెప్పాడు. పలక మారిస్తే కంత మారుతుంది. 1881లో బ్రిటన్ ఫొటోగ్రాఫిక్ సొసైటీ కంతకు అంకె వేసే మరో పద్ధతిని ముందుకు తెచ్చింది. అందులో ఎఫ్ 4కు 1, ఎఫ్ 5.6కు 2, ఎఫ్ 8కి 4, ఎఫ్ 11కు 8, ఎఫ్ 16కు 16. అంకె రెట్టింపైతే ఎక్స్‌పోజర్ సమయమూ రెట్టింపు కావాలన్నమాట. ఫొటో తీసేవాడి అవసరం నుంచి ఆలోచించి చేసిన పద్ధతి అది. పాత కొడాక్ కెమెరాల మీద ఈ అంకెలు ఇప్పటికీ కనిపిస్తాయి. ఎఫ్ వరస గెలిచి ఇది మరుగున పడిందంటే నాకు కొంచెం బాధే. అయితే ఇది కూడా కంత మీద కట్టిన లెక్కే. గాజు మాట ఇందులోనూ లేదు.

కాలువ తూము వెడల్పును బట్టి చివరి ఆయకట్టుకు ఎన్ని నీళ్లు చేరాయో చెప్పగలమా? దారిలో ఇంకేది, ఆవిరయ్యేది, గండి పడి పోయేది ఉంటాయి కదా. లెన్సులోనూ దారి ఖర్చు ఉంది. గాలిలోంచి గాజులోకి వెలుగు అడుగుపెట్టే ప్రతి చోటా కొంత వెనక్కి తిరుగుతుంది. మామూలు గాజుకు, పూత ఏమీ లేకపోతే, ఆ తిరుగుడు సుమారు 4 శాతం. గాజులోంచి మళ్లీ గాలిలోకి వచ్చేటప్పుడు ఇంకో 4 శాతం. వక్రీభవన గుణకం 1.7 ఉన్న బరువైన గాజుకైతే ఒక్కో తలానికీ 6 శాతం దాటిపోతుంది. ఇది తయారీ లోపం కాదు, ఎంత నున్నగా సానపట్టినా పోదు. రెండు పదార్థాల సరిహద్దులో వెలుగుకున్న స్వభావమే అది.

దీన్ని కంటితో చూడొచ్చు. చేతికందిన ఏదైనా లెన్సు తీసుకుని ట్యూబ్‌లైటు కింద నిలబడి, ముందు గాజులోకి కొంచెం ఏటవాలుగా చూడండి. లోపల ఒకటి కాదు, చాలా ట్యూబ్‌లైట్లు కనిపిస్తాయి. కొన్ని పెద్దవి, కొన్ని అగ్గిపుల్లంత సన్ననివి. కొన్ని వంపు తిరిగి ఉంటాయి. లెన్సును నెమ్మదిగా వాలిస్తే కొన్ని చేతితోపాటే జరుగుతాయి, కొన్ని ఎదురుగా నడుస్తాయి. ఒక్కో ప్రతిబింబం ఒక్కో తలం వెనక్కి పంపిన వెలుగు. ఆ తలాలు కొన్ని పుటాకారం, కొన్ని కుంభాకారం, అందుకే వాటి నడకలో ఆ తేడా. 1930ల నాటి పూతలేని లెన్సులో అయితే ఈ ప్రతిబింబాలన్నీ ట్యూబ్‌లైటు అంత తెల్లగా ఉంటాయి. ఇప్పటి లెన్సులో వంగపండు రంగు, ఆకుపచ్చ, తేనె రంగుల్లో మసకగా ఉంటాయి. నేను కొత్త లెన్సు చూసినప్పుడల్లా చేసే మొదటి పని ఇదే. పోయే వెలుగును కంటితో లెక్కపెట్టుకోవడం నాకు ఇష్టం.

ఇప్పుడు గుణకారం చేద్దాం. మూడు గాజులు విడివిడిగా ఉన్న లెన్సుకు ఆరు తలాలు. ఒక్కో తలం 96 శాతం పంపితే ఆరు దాటేసరికి మిగిలేది 78 శాతం. ఎనిమిది తలాలైతే 72. పది తలాలైతే 66. ఈ రోజుల్లో పెళ్లి ఫొటోగ్రాఫర్ భుజాన వేలాడే జూమ్ లెన్సులో పదిహేను గాజులకు తక్కువ ఉండవు. పూత లేకుండా ముప్ఫై తలాలు దాటితే చివరికి మిగిలేది 29 శాతం మాత్రమే. కంత 2.8 అని గట్టిగా చెబుతున్నా లోపలికి చేరేది అందులో మూడో వంతు కూడా కాదు.

లెన్సులు చేసేవాళ్లకు ఇది తెలియక కాదు. పూతలు లేని రోజుల్లో వాళ్లు గీసిన లెన్సు నమూనాలు చూస్తే ఈ 4 శాతం భయం ప్రతిదానిలోనూ కనిపిస్తుంది. జర్మనీలోని జైస్ సంస్థలో పనిచేసిన పాల్ రుడాల్ఫ్ 1896లో ప్లానార్ అనే లెన్సు రూపొందించాడు. ఆరు గాజులు, నాలుగు గుంపులు, ఎనిమిది గాలి తలాలు. బొమ్మ దిద్దుబాటు చాలా బాగుంది, కానీ ఆ ఎనిమిది తలాల మధ్య వెలుగు అటూ ఇటూ కొట్టుకుని బొమ్మ పాలిపోయేది. అదే రుడాల్ఫ్ 1902లో తెచ్చిన టెస్సార్‌కు నాలుగు గాజులు, ఆరే తలాలు. లోకమంతా టెస్సార్‌నే కొనుక్కుంది. ఆ తర్వాత లుడ్విగ్ బెర్టెలే 1930ల మొదట్లో సోన్నార్ లెన్సులో ఏడు గాజులు వాడి, వాటిని మూడు ముద్దలుగా అతికించాడు. తలాలు మళ్లీ ఆరే. అతికించిన చోట గాజు పక్కన గాజే ఉంటుంది కాబట్టి వెనక్కి తిరిగే వెలుగు బాగా తక్కువ. ఎఫ్ 1.5 అంత పెద్ద కంతను పూత లేని రోజుల్లో వాడకానికి తేగలిగాడంటే ఆ అతుకుల పుణ్యమే. మూడేసి గాజులు కలిపి అతికించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలియాలి.

పరిష్కారం మాత్రం లెన్సుల మీద పట్టిన మరకలోంచి వచ్చింది. ఈ కథ నాకు చాలా ఇష్టం. ఇంగ్లండులోని యార్క్ పట్టణంలో కుక్ కంపెనీలో హెరాల్డ్ డెన్నిస్ టేలర్ అనే లెన్సు నిపుణుడు ఉండేవాడు. మూడే గాజులతో మంచి ఫొటో లెన్సు చేయొచ్చని 1893లో చూపించినవాడు ఆయనే. ఏళ్ల తరబడి వాడిన కొన్ని లెన్సుల ముందు గాజు మీద నీలి మచ్చలాంటి పొర పట్టి ఉండటం ఆయన గమనించాడు. అలాంటి లెన్సు పాడైపోయిందని, మళ్లీ సానపట్టాలని అందరూ అనుకునేవారు. ఆయన కొలిచి చూస్తే ఆ మచ్చపడ్డ గాజు కొత్త గాజుకంటే ఎక్కువ వెలుగును పంపుతోంది. రసాయనాలతో కావాలనే ఆ మచ్చను తెప్పించడానికి పూనుకుని 1904లో పేటెంటు కూడా తీసుకున్నాడు. కానీ ఒక గాజుకు పట్టినట్టు ఇంకో గాజుకు పట్టేది కాదు. పని నిలకడగా సాగలేదు.

నిలకడ 1935లో వచ్చింది. నేటి ఉక్రెయిన్‌లో పుట్టి జర్మనీలో జైస్ సంస్థలో పనిచేస్తున్న అలెగ్జాండర్ స్మకులా, గాలి తీసేసిన గదిలో పదార్థాన్ని ఆవిరి చేసి గాజు మీద పలచటి పొరగా పట్టించే పద్ధతి కనిపెట్టాడు. తర్వాత ఈ పనికి మెగ్నీషియం ఫ్లోరైడ్ స్థిరపడింది. ఆ పొర మందం సుమారు 100 నానోమీటర్లు. వెలుగు తరంగదైర్ఘ్యంలో పావు వంతు దారి అది. పొర పైనుంచి తిరిగిన వెలుగూ, పొర అడుగునుంచి తిరిగిన వెలుగూ ఒకదానికొకటి ఎదురు పడి రద్దవుతాయి. రద్దయినది మాయమైపోదు, వెనక్కి రావలసింది ముందుకు పోతుంది. 4 శాతం తిరుగుడు 1.3 శాతం దగ్గరికి దిగింది. పొర మందాన్ని కంటికి బాగా ఆనే ఆకుపచ్చకు సరిపోయేలా పెడతారు గనుక, ఎరుపూ నీలమూ కొద్దిగా మిగిలి తిరిగొస్తాయి. పాత లెన్సులో కనిపించే ఆ వంగపండు రంగు అదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో ఈ పూత సైనిక రహస్యం. సబ్‌మెరైన్ పెరిస్కోపులో ఎన్ని గాజులుంటాయో తలుచుకుంటే ఎందుకు దాచారో అర్థమవుతుంది. ప్లానార్ మళ్లీ ప్రాణం పోసుకున్నదీ ఈ పూత వచ్చాకే. 1970ల మొదట్లో పెంటాక్స్, జైస్ వంటి సంస్థలు పొర మీద పొర వేసే పూతలు తెచ్చాయి. తలానికి 0.3 శాతం చొప్పున పోతే ముప్ఫై తలాలు దాటాక కూడా 91 శాతం మిగులుతుంది. ఇప్పటి జూమ్ లెన్సులు బతికి ఉన్నది ఈ లెక్క మీదే. జైస్ లెన్సుల మీద ఎర్రగా కనిపించే టి అక్షరం ఈ పూతకు గుర్తు. ఇక్కడినుంచి నేను చెప్పబోయే టి అంకెతో దానికి సంబంధం లేదు. రెండింటినీ కలిపేసుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

టి అంకె సినిమావాళ్ల అవసరం. ఒక సన్నివేశంలో ముందు దూరం షాటు, తర్వాత ఇద్దరి షాటు, ఆపైన క్లోజప్. మూడింటికీ మూడు లెన్సులు. తెర మీద అవి ఒకదాని వెంట ఒకటి వస్తాయి, ముఖం మీద వెలుగు ఒకేలా ఉండాలి. సెట్టు మీద మీటరు పెట్టి చూస్తే 4 అని చెబుతుంది, అసిస్టెంటు ప్రతి లెన్సునూ 4కు తిప్పుతాడు. ఒక లెన్సు 80 శాతం పంపేది, ఇంకోటి 60 శాతం పంపేదైతే రెండో షాటు మసగ్గా వస్తుంది. ల్యాబులో ప్రింటు వేసేటప్పుడు కొంత సరిచేయొచ్చు. కానీ పలచగా వచ్చిన నెగటివును సర్దితే నలుపులు బూడిద రంగుకు తిరుగుతాయి, ఆ తేడా కన్ను పట్టేస్తుంది. మాయాబజార్ (1957) వంటి సినిమాల్లో మార్కస్ బార్ట్లే వెన్నెలను ఎలా పండించాడో ఇప్పటికీ చెప్పుకుంటాం. ఆ తరం ఛాయాగ్రాహకుల ముందు మానిటర్ లేదు. మీటరు, లెన్సు మీది అంకె, తన కన్ను, ఆ పైన ల్యాబు నుంచి నెగటివు వచ్చేదాకా ఎదురుచూపు. ఆ అంకె మాట తప్పితే అడగడానికి ఇంకెవరూ లేరు.

అందుకే గత శతాబ్దం నడిమి రోజుల్లో సినిమా లెన్సుల మీద కంతకు బదులు వెలుగును కొలిచి అంకె వేయడం స్థిరపడింది. టి అంకె అర్థం ఇది: ఈ లెన్సు పంపే వెలుగు, ఒక్క చుక్క కూడా పోగొట్టని ఊహాలెన్సు ఏ ఎఫ్ నంబరు దగ్గర పంపుతుందో ఆ నంబరు. సూత్రం చిన్నది. ఎఫ్ నంబరును, లెన్సు పంపే వెలుగు వంతు వర్గమూలంతో భాగించాలి. ఎఫ్ 2.8 లెన్సు 75 శాతం పంపితే టి 3.2 అవుతుంది. అయితే సూత్రం కంటే కొలిచే తీరు నన్ను ఎక్కువ ఆకట్టుకుంటుంది. సమానంగా వెలుగుతున్న తెల్లటి పలక ముందు లెన్సు పెట్టి, వెనక బొమ్మ మధ్యలో పడే వెలుగును మీటరుతో చూస్తారు. తర్వాత లెన్సు తీసేసి, అదే దూరంలో, గాజే లేని వట్టి గుండ్రటి రంధ్రం పెడతారు. రంధ్రం వ్యాసం ఎంతో ముందే తెలుసు. రెండు చోట్లా మీటరు ఒకే విలువ చూపించేదాకా లెన్సు ఐరిస్ రింగును నెమ్మదిగా తిప్పి, సరిపోయిన చోట గీత గీస్తారు. వట్టి గాలితో గాజును పోల్చి చూడటమన్నమాట. మంచి సినిమా లెన్సులకు ఈ పని ఒక్కో లెన్సుకూ విడిగా చేస్తారు. ఒకే నమూనా లెన్సులు రెండు పక్కపక్కన పెట్టినా గీతలు కచ్చితంగా ఒకే చోట ఉండాలని లేదు. ఎఫ్ అంకెను కాగితం మీద లెక్కగట్టవచ్చు, టి అంకెకు ఆ లెన్సే చేతిలో ఉండాలి. ఆ గీతలు గీసినవాళ్ల మీద నాకున్న గౌరవం ఇంతా అంతా కాదు.

తేడా ఎంతుంటుందో తెలియడానికి 1960ల నాటి ఆంజెన్యూ సంస్థ 25-250 జూమ్ లెన్సు చాలు. ఎఫ్ 3.2, టి 3.9. అంటే చేరేది మూడింట రెండు వంతులే. అయినా దానికోసం సినిమా పరిశ్రమలు ఎగబడ్డాయి. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే సిగ్మా సంస్థ స్టిల్ కెమెరాలకు అమ్మే 18-35 జూమ్ చూడండి. దాని మీద 1.8 అని ఉంటుంది. 2016లో అదే గాజును సినిమా గొట్టంలో పెట్టి తెచ్చినప్పుడు టి 2 అని రాశారు. ఎఫ్ 1.4 లెన్సులు టి 1.5 అయ్యాయి. గాజు అదే, కంత అదే, కొనేవాడు మారాడు కాబట్టి చెప్పవలసిన అంకె మారింది.

మరి స్టిల్ ఫొటోగ్రాఫర్లకు ఇన్నేళ్లూ ఈ తేడా ఎందుకు పట్టలేదు? కారణం 1960లలో వచ్చింది. 1964లో పెంటాక్స్ స్పాట్‌మాటిక్ వంటి కెమెరాలు లెన్సు గుండా వచ్చిన వెలుగునే మీటరుకు చూపించడం మొదలుపెట్టాయి. గాజు ఎంత తిన్నదో మీటరు తనంతట తానే చూసుకుంటుంది, షట్టర్ ఆ మేరకు సర్దుకుంటుంది. అంకె ఏమైతేనేం, ఫొటో సరిగ్గా వస్తుంది. చేతి మీటరుతో స్టూడియో ఫ్లాష్ కొలుచుకునేవాళ్లకూ, మాన్యువల్‌లో వీడియో తీసేవాళ్లకూ మాత్రం తేడా ఎదురుపడుతూనే ఉంటుంది. పెళ్లి మండపంలో ఒక కెమెరా జూమ్‌తో, ఇంకో కెమెరా 85 మిల్లీమీటర్ల లెన్సుతో, రెండూ 2.8 దగ్గర, ఐఎస్ఓ ఒకటే, షట్టర్ ఒకటే. జీలకర్ర బెల్లం పెట్టే క్షణం రెండిటిలోనూ ఉంటుంది. ఎడిటింగ్ టేబుల్ మీద పక్కపక్కన పెడితే ఒకదాంట్లో పెళ్లికూతురి నుదురు కొంచెం చిక్కగా, ఇంకోదాంట్లో కొంచెం తేటగా. మూడో వంతు స్టాప్ తేడా. విడిగా చూస్తే రెండూ బాగుంటాయి, కోత పడ్డ చోట మాత్రం కన్ను ఉలిక్కిపడుతుంది.

ఇంత చెప్పాక ఎఫ్ నంబరు అబద్ధమనీ, టి అంకే నిజమనీ తేల్చేసేవాళ్లున్నారు. ఆ మాటతో నేను ఏకీభవించను. కంత చేసే పని వెలుగును రానివ్వడం ఒక్కటే కాదు. వెనకాల ఎంత మసకబారాలి, ముందు ఎంత స్పష్టంగా ఉండాలి అనేది వెలుగు కిరణాలు ఎంత కోణంలో వచ్చి కలుస్తాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఆ కోణం కంతది. గాజు సగం వెలుగును మింగేసినా కోణం మారదు. దర్శకుడు కుబ్రిక్ 1975లో వచ్చిన బారీ లిండన్ సినిమాకు కొవ్వొత్తుల వెలుగులో తీయడానికి నాసా కోసం చేసిన జైస్ ఎఫ్ 0.7 లెన్సు వాడాడు. వెలుగు దొరికింది, కానీ నటుడు తల కొంచెం ముందుకు వంచినా ఫోకస్ పోయేది. ఫోకస్ చూసుకోవడానికి పక్కనుంచి ఒక వీడియో కెమెరా పెట్టుకోవలసి వచ్చింది. ఆ ఇబ్బంది చెప్పే అంకె 0.7. అక్కడ టి అంకె పనికిరాదు. మనం ఒకే అంకెను రెండు ప్రశ్నలు అడుగుతున్నాం. ఒకదానికి అది సరైన జవాబే చెబుతోంది.

ఈ రెండు ప్రశ్నలూ ఎంత వేరో కంటికి కట్టించే లెన్సు ఒకటుంది. 1999లో మినోల్టా తెచ్చిన 135 మిల్లీమీటర్ల ఎస్‌టీఎఫ్. దాని మీద ఎఫ్ 2.8, పక్కనే టి 4.5 అని రెండూ రాసి ఉంటాయి. వెలుగు ఒకటింబావు స్టాప్‌కు పైగా పోతుంది. ఇది గాజు చేతగానితనం కాదు, కావాలని చేసింది. లోపల పొగరంగు గాజుతో చేసిన పలక ఉంది. మధ్యలో పలచగా, అంచులకు పోయేకొద్దీ మందంగా ఉంటుంది. లెన్సును కిటికీ వైపు పెట్టి చూస్తే మామూలు లెన్సులో కనిపించే గుండ్రటి గీత ఇందులో కనిపించదు. మధ్యలో తెల్లగా ఉండి, చుట్టూ మెల్లగా చీకటి కమ్ముకుంటూ పోయి, ఎక్కడ ఆగిందో తెలియకుండా ఆగుతుంది. ఆ లెన్సుతో తీస్తే వెనకనున్న దీపాలు అంచుల్లేని మెత్తటి చుక్కలవుతాయి. ఆకుల గజిబిజి వెన్నలా కరిగిపోతుంది. 2014లో ఫ్యూజీ 56 మిల్లీమీటర్ల లెన్సులో ఇదే పని చేసింది. ఎఫ్ 1.2, టి 1.7, అంటే సరిగ్గా సగం వెలుగు వదులుకున్నారు. పెద్ద కంత తెరిచి, అంచుల వెలుగును కావాలని అడ్డుకుని, బదులుగా మసకలో మెత్తదనం తెచ్చుకున్నారు. రెండు అంకెలూ చెక్కితే తప్ప ఆ లెన్సు సంగతి పూర్తిగా చెప్పలేరు.

వెలుగు తగ్గే దారులు ఇంకా కొన్ని ఉన్నాయి. అద్దాల లెన్సుల్లో మధ్యన చిన్న అద్దం అడ్డుపడుతుంది. చీమనో పువ్వునో నిజ పరిమాణంలో తీయడానికి లెన్సును ముందుకు జరిపితే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. నికాన్ కెమెరాలు అప్పుడు తెర మీది అంకెను పెంచి చూపిస్తాయి, అది నాకు నచ్చుతుంది. ఇంకోటి డిజిటల్ కాలంలో వచ్చింది. ఎఫ్ 1.2, 1.4 దగ్గర కంత అంచుల నుంచి మరీ ఏటవాలుగా వచ్చే వెలుగును సెన్సర్ గుంటలు పూర్తిగా పట్టుకోలేవు. ఆ లోటును కొన్ని కెమెరాలు చెప్పకుండానే ఐఎస్ఓ పెంచి పూడుస్తున్నాయని 2010 ప్రాంతంలో పెద్ద చర్చ నడిచింది. టి అంకె కొలిచింది లెన్సు వరకే. ఆ తర్వాతి మజిలీ దాని లెక్కలో లేదు.

టి అంకె చెప్పనిది మరొకటి ఉంది, నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచేది అదే. అది ఎంత వెలుగు చేరిందో చెబుతుంది, ఎక్కడ చేరిందో చెప్పదు. ఒక తలం నుంచి వెనక్కి తిరిగిన వెలుగు ముందున్న ఇంకో తలానికి తగిలి మళ్లీ వెనక్కి, అంటే సెన్సర్ వైపుకే వస్తుంది. అది రావలసిన చోట పడదు. బొమ్మంతా పలచటి పొగలా పరుచుకుంటుంది. నల్లటి జుట్టు బూడిద రంగవుతుంది, ఎదురుగా దీపముంటే చీకటి మూలలు తెల్లబడతాయి. మీటరుకు ఇదీ వెలుగే. తెల్ల పలక ముందు పెట్టి కొలిచినప్పుడు దారి తప్పి వచ్చినదానిలో కొంత కూడా టి అంకెలో కలిసిపోతుంది. కాబట్టి టి 2 అనే ఒకే అంకె ఉన్న రెండు లెన్సుల్లో ఒకటి నలుపును నల్లగా చూపించవచ్చు, ఇంకోటి చూపించకపోవచ్చు.

ఈ దారి తప్పిన వెలుగునే కొందరు వెతుక్కుంటూ వెళ్లారు. స్పీల్‌బర్గ్ తీసిన సేవింగ్ ప్రైవేట్ రయాన్ (1998)కు ఛాయాగ్రాహకుడు యానుష్ కమిన్‌స్కీ కొన్ని లెన్సుల మీది పూతను గీకించేశాడు. 1940ల యుద్ధ కెమెరామన్ల లెన్సులు ఎలా చూసేవో అలా చూడాలని ఆయన కోరిక. ఆ లెన్సుల్లో స్పష్టత దాదాపు అలాగే ఉంది, రంగులు వెలిశాయి, ఆకాశం వెలుగు లోపల తిరిగి తిరిగి నీడల్లోకి చిందింది. నార్మండీ తీరంలో ఆ ఇరవై నిమిషాలు చూసినప్పుడు కలిగే బూడిదరంగు భయంలో ఆ గీకుడుకూ వాటా ఉంది. టేలర్ మరకలోంచి మొదలై, స్మకులా ఆవిరి గదిలోంచి నడిచి, తొంభై ఏళ్లకు పైగా పోగుచేసుకున్న నైపుణ్యాన్ని ఒక కథ కోసం పక్కన పెట్టడం నాకు తప్పుగా అనిపించలేదు. ఏది పోగొడుతున్నాడో ఆయనకు స్పష్టంగా తెలుసు. ఇప్పుడు కొన్ని కంపెనీలు పూత తగ్గించిన సినిమా లెన్సులను ప్రత్యేకంగా చేసి అమ్ముతున్నాయి కూడా.

అందుకే ఒక సినిమా మొదలయ్యే ముందు, కెమెరాలు అద్దెకిచ్చే చోట లెన్సు పరీక్షలు పెట్టుకుంటారు. పెట్టెలోని లెన్సులన్నీ ఒకదాని తర్వాత ఒకటి అదే కెమెరాకు తగిలించి, అదే టి అంకెకు తిప్పి, అదే గ్రే కార్డును తీస్తారు. గ్రే రంగు అన్నిట్లో ఒకే మోతాదులో వస్తే గీతలు సరిగ్గా ఉన్నట్టు. తర్వాత కార్డు పక్కన నల్లటి ముఖమల్ గుడ్డ వేలాడదీసి, ఫ్రేముకు కాస్త బయట ఒక బల్బు వెలిగించి మళ్లీ తీస్తారు. మానిటర్ దగ్గరికి జరిగి, ఏ లెన్సులో ఆ గుడ్డ నల్లగా మిగిలిందో, ఏ లెన్సులో తెల్లబడిందో చూసుకుని, రాత్రి సన్నివేశాలకు ఏవి, పాటకు ఏవి, వెనక్కి పంపవలసినవి ఏవి అని పెట్టెల మీద టేపు అంటించి రాసుకుంటారు.